బాండికూట్ మన పందికొక్కేనా? తాతగారు చెప్పింది నిజమేనా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ప్రస్తుతం నేనూ మావారూ బ్రిస్బేన్‌లో మా అమ్మాయి దగ్గరకొచ్చి ఉన్నాం. ఇక్కడ రాత్రిళ్ళు వెనక దొడ్లోకి ఒక జంతువు వచ్చి గడ్డిలో చిన్న చిన్న గుంటలు తవ్వి పోతోంది, దాన్ని బాండికూట్ అంటారంట. మా మనవణ్ణి స్కూల్లో ఏదైనా వింత ఇంగ్లీష్ మాట తీసుకుని అదెక్కణ్ణుంచి వచ్చిందో క్లాసులో చెప్పమన్నారు, వాడు ఈ మాటే ఎంచుకున్నాడు. మావారు వెంటనే "ఒరేయ్ అది మన పందికొక్కేరా, అచ్చ తెలుగు మాట" అన్నారు. మా అల్లుడు ఒప్పుకోలేదు. "మామయ్యగారూ, ప్రతిదీ తెలుగులోంచే వచ్చిందంటే ఎలాగండీ, ఇది కంగారూ లాగా ఇక్కడి ఆదివాసీల మాట అయ్యుంటుంది, మీకు వాట్సాప్‌లో ఎవరో పంపుంటారు" అన్నాడు. అప్పట్నుంచీ ఈయన భోజనాల దగ్గర కూడా సరిగా మాట్లాడట్లేదు. అసలు నిజమేంటి, పిల్లాడు క్లాసులో ఏం చెప్పాలి?
ఒక అమ్మమ్మ

అమ్మా, ముందు మీవారికి ఈ ఒక్క మాట చెప్పేయండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఆయన చెప్పింది నిజం. బాండికూట్ అనే ఇంగ్లీష్ మాట మన పందికొక్కు నుంచే పుట్టింది, ఇది ఎవరో వాట్సాప్‌లో అల్లిన కథ కాదు, పెద్ద పెద్ద ఇంగ్లీష్ నిఘంటువులన్నీ ఒప్పుకున్న సంగతే. కానీ మీ అల్లుడుగారి అనుమానాన్ని కూడా నేను తప్పు పట్టను, ఎందుకంటే ఆయన అడిగిన పద్ధతి సరైనదే, వినడానికి ఒకేలా ఉన్నాయి కదా అని రెండు మాటలకి చుట్టరికం కలిపేస్తే చాలాసార్లు బోల్తా పడతాం. తాతగారిది సరైన జవాబు, అల్లుడుగారిది సరైన ప్రశ్న, బాబు ఈ రెండూ కలిపి చెప్తే క్లాసులో వాడిదే మంచి ప్రాజెక్ట్ అవుతుంది.

పోలిక చూసి ఎందుకు నమ్మకూడదో చెప్పడానికి మీరున్న క్వీన్స్‌లాండ్‌లోనే ఒక అద్భుతమైన ఉదాహరణ ఉంది. ఆ రాష్ట్రం ఉత్తరాన మ్బాబరం అనే ఆదివాసీ భాష ఉండేది. 1960లలో డిక్సన్ అనే భాషాశాస్త్రవేత్త ఆ భాష మాట్లాడే ముసలాయన్ని వెతుక్కుంటూ వెళ్ళి కుక్కని మీ భాషలో ఏమంటారని అడిగితే ఆయన చెప్పిన మాట "డాగ్". ఇంగ్లీష్ డాగ్ లాగే పలికాడు! ఇంగ్లీష్ వాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్నారేమో అనుకుంటాం కదా, కాదు. చుట్టుపక్కల భాషల్లో కుక్కని గుడగ అంటారు, మ్బాబరంలో మాటల మొదటి అక్షరం ఊడిపోవడం, అచ్చులు మారడం ఒక క్రమం ప్రకారం జరిగింది, అలా గుడగ అరిగీ అరిగీ డాగ్ దగ్గర ఆగింది. ఇంగ్లీష్ డాగ్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు, శుద్ధ కాకతాళీయం. మాట ఒకటే, అర్థం ఒకటే, అయినా చుట్టరికం సున్నా. ఇది బాబుకి తప్పకుండా చెప్పండి, పిల్లలకి ఇలాంటివి బాగా పట్టుకుంటాయి.

మరి పోలిక చాలనప్పుడు పందికొక్కు విషయంలో మనం అంత ధీమాగా ఎలా చెప్తున్నాం అంటే, ఊళ్ళో పెళ్ళి సంబంధం వస్తే పెద్దవాళ్ళు ఏం చేస్తారు, ముఖం చూసి ఫలానావాళ్ళ అబ్బాయి అనుకోరు కదా, ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎప్పుడొచ్చి స్థిరపడ్డారు, పక్కింటివాళ్ళేమంటున్నారు అని కనుక్కుంటారు. మాట విషయంలోనూ అదే.

ఊరు దగ్గర మొదలుపెడదాం. హెన్రీ యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి తయారు చేసిన హాబ్సన్-జాబ్సన్ అనే పెద్ద నిఘంటువు 1886లో అచ్చయింది, మన దేశంలో ఇంగ్లీష్ వాళ్ళు వాడిన దేశీ మాటలన్నిటికీ అది పుట్టిల్లు లాంటిది. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు, దక్షిణాది భాషలు బాగా తెలిసినవాడు, పాపం పుస్తకం బయటికి రాకముందే 1882లో పోయాడు. అందులో బాండికూట్ దగ్గర ఇది తెలుగు పందికొక్కు అనే మాట చెడి వచ్చిన రూపం అని, దాని అర్థం పంది-ఎలుక అని సూటిగా రాసి ఉంది. అక్కడ వాళ్ళిచ్చిన పాత రాతల్లో 1789 నాటి ఒక పుస్తకం ఉంది, మన్రో అనే సైనికాధికారి కోరమాండల్ తీరంలో జరిగిన యుద్ధాల గురించి రాసింది. (ఈయన మన రాయలసీమ వాళ్ళు తల్చుకునే కలెక్టర్ థామస్ మన్రో కాదు, వేరే ఆయన, ఇన్నెస్ మన్రో.) కోరమాండల్ అంటే తమిళనాడు నుంచి మద్రాసు మీదుగా మన కోస్తా దాకా ఉన్న తూర్పు తీరమే, కంపెనీ వాళ్ళు 1611లోనే మచిలీపట్నంలో వర్తకం పెట్టారు, మద్రాసులో కోట కట్టింది ఆ తర్వాత 1640 ప్రాంతంలో, ఆ మద్రాసులో కూడా తెలుగు వర్తకులూ దుబాసీలూ నిండా ఉండేవాళ్ళు. కాబట్టి తెలుగువాళ్ళ నోట విన్న మాట ఇంగ్లీష్ వాళ్ళ కాయితాల్లోకి ఎక్కడానికి దారి బాగానే ఉంది, వింతేమీ లేదు. ఒక చిన్న సంగతి, ఆ కాలం పుస్తకాల్లో మన భాష పేరు తెలుగు అని ఉండకపోవచ్చు, జెంటూ అని ఉంటుంది, బాబు ఎప్పుడైనా పాత పుస్తకాలు తిరగేస్తే కంగారు పడకుండా ఉంటాడని చెప్తున్నా.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. జంతువు గురించి రాయడం వేరు, దాని పేరు రాయడం వేరు. పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా అనే యాత్రికుడు దేవగిరి కోట చెరసాలలో పిల్లుల కన్నా పెద్ద ఎలుకల్ని చూశానని, పిల్లులే వాటిని చూసి పారిపోతాయని రాశాడు. చదివితే మనకి వెంటనే పందికొక్కే కళ్ళ ముందుకొస్తుంది. కానీ ఆయన ఆ పేరు వాడలేదు, కాబట్టి మాట వయసు లెక్కేసేటప్పుడు ఆ సాక్ష్యం పనికిరాదు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, వస్తువు పాతదైతే మాటా పాతదే అనుకుని నాలుగొందల ఏళ్ళ పైనే అదనంగా కలిపేసుకుంటారు.

నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం అనిపించేది పక్కింటివాళ్ళది. ఇదే జంతువుని తమిళంలో పెరుచ్చాళి అంటారు, మలయాళంలో కూడా దాదాపు అదే మాట, కన్నడంలో హెగ్గణ, హిందీలో ఘూస్. చూశారా, ఒక్కదానికీ బాండికూట్‌తో దగ్గరి పోలిక లేదు. పందికొక్కు అనేది మనమే. ఇంగ్లీష్ వాళ్ళు ఈ మాట తమిళుల దగ్గరో కన్నడిగుల దగ్గరో విని ఉంటే ఇవాళ మీ దొడ్లో తిరిగేదాని పేరు ఇంకోలా ఉండేది. అల్లుడుగారికి ఈ ఒక్కటి చెప్పండి చాలు, ఆయన సగం మెత్తబడతారు.

ఇక మాట రూపం. పం కాస్తా బాం ఎందుకైంది? దీనికి బాబు ఇంట్లోనే చిన్న ప్రయోగం చెయ్యొచ్చు. సన్నటి కాయితం ముక్క పెదాల ముందు పట్టుకుని వాడి ఆస్ట్రేలియా యాసలో పిగ్ అనమనండి, కాయితం టపటపా ఊగుతుంది. అదే కాయితం తాతగారి ముందు పట్టి పంది అనమనండి, దాదాపు కదలదు. ఇంగ్లీష్ వాళ్ళు మాట మొదట్లో ప పలికేటప్పుడు గట్టిగా గాలి వదులుతారు, మనం వదలం. అందుకని గాలి లేని మన ప వాళ్ళ చెవికి బ లాగా వినపడుతుంది. మరి చివర కొక్కు కూట్ అవ్వడం మాత్రం కాస్త పెద్ద మార్పే. ఇంగ్లీషులో కూట్ అని నీటికోడి లాంటి పక్షి పేరు ముందునుంచీ ఉంది, నోరు తిరగని పరాయి మాటని తెలిసిన మాట వైపు ఒంచుకోవడం ఎవరైనా చేసేదే, మనం హాస్పిటల్‌ని ఆస్పత్రి చేసుకోలేదూ, ఇక్కడా అలాంటిదే జరిగుంటుందని నా ఊహ. ఇది ఊహే, బాబు దీన్ని రుజువు కింద చెప్పకూడదు.

మన వైపు నుంచి మాట చూస్తే ఇంకా బాగుంటుంది. పంది, కొక్కు రెండూ మనవే. కొక్కు అంటే ఎలుక జాతిది, వినాయకుడికి పాత తెలుగులో కొక్కురౌతు అని పేరుండేది, ఎలుక మీద స్వారీ చేసేవాడని. ముందు పంది ఎందుకు చేరిందంటే ఒకటి దాని పరిమాణం, బాగా పెరిగితే కేజీ దాకా తూగుతుంది, రెండోది నేల పెళ్ళగించే తీరు, ఇంకా దాన్ని మూలకి తరిమితే వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని అచ్చం పందిలాగే గుర్రుమంటుంది. మీరు పల్లెటూరివారు కాబట్టి నేను చెప్పక్కర్లేదు, గాదె కింద బొక్క పెట్టి ధాన్యం దాచుకునేదాన్ని, గట్లు గుల్ల చేసేదాన్ని మీరు చూసే ఉంటారు. ఇవాళ్టికీ ఎవరైనా ప్రజల సొమ్ము తింటే పందికొక్కుల్లా మేశారు అనే కదా మనం తిట్టుకునేది. శాస్త్రవేత్తలు కూడా ఈ పేరునే పట్టుకున్నారు, 1873లో గ్రే అనే ఆయన ఈ ఎలుకల ప్రజాతికి బాండికోటా అని శాస్త్రీయ నామం పెట్టారు, అంటే ప్రపంచంలో ఏ దేశం జీవశాస్త్రం పుస్తకం తెరిచినా పందికొక్కు దగ్గర లాటిన్ వేషంలో మన తెలుగు మాటే కనపడుతుంది. నాకు ఇది చదివిన రోజు ఒళ్ళు పులకరించింది, నిజంగా.

ఇక్కడిదాకా బాగానే ఉంది కానీ మీ దొడ్లోది పందికొక్కు కాదు! ఇది బాబు తప్పకుండా చెప్పాలి, లేకపోతే టీచర్ వెంటనే పట్టుకుంటారు. ఆస్ట్రేలియా బాండికూట్ అసలు ఎలుక జాతే కాదు, కంగారూ లాగా సంచి జంతువు. పైగా దాని సంచి మూతి వెనక్కి తెరుచుకుంటుంది, నేల తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. పిల్ల కడుపులో ఉండేది పన్నెండు రోజుల పైచిలుకు మాత్రమే, పాలిచ్చే జంతువుల్లో అతి తక్కువ రోజుల్లో ఇదొకటి, మిగతా పెరుగుదలంతా సంచిలోనే. అది మూతి గుచ్చి తవ్వేది కూడా ఎక్కువగా పురుగుల కోసం, అందుకే మీ గడ్డిలో ఆ గరాటు ఆకారం గుంటలు. ధాన్యం దోచుకునే బాపతు కాదు, దయచేసి అలవాటు కొద్దీ బోనూ మందూ పెట్టకండమ్మా, అక్కడ అవి చట్టం కాపాడే జంతువులు.

మరి పేరెలా వెళ్ళింది? 1788లో ఇంగ్లీష్ వాళ్ళు సిడ్నీలో దిగేటప్పటికి బాండికూట్ అనే మాట వాళ్ళ భాషలో తయారుగా ఉంది. అక్కడ మూతి పొడుగ్గా, ఎలుక లాగా, నేల తవ్వుకుంటూ తిరిగే జంతువు కనపడింది, ఇండియాలో విన్న పేరు దానికి తగిలించేశారు, 1820ల నాటికి అక్కడ ఆ పేరు స్థిరపడిపోయింది. పేరు మన కొక్కుది, ఒళ్ళు ఇంకోదానిది. అక్కడి ఆదివాసులకి ఈ జంతువులు వేల ఏళ్ళుగా తెలుసు, వాళ్ళ పేర్లు వాళ్ళకున్నాయి, పశ్చిమ ఆస్ట్రేలియాలో నూంగర్ వాళ్ళు ఒక రకం బాండికూట్‌ని క్వెండా అంటారు, ఆ పేరు ఇప్పటికీ అక్కడ జనం వాడతారు. బాబు క్లాసులో ఈ పేరు కూడా చెప్పాలని నా కోరిక, మన మాట అంత దూరం వెళ్ళిందని సంతోషపడేటప్పుడు అక్కడ ముందునుంచీ ఉన్న మాటని మర్చిపోవడం న్యాయం కాదు కదా.

అల్లుడుగారు కంగారూ అన్నారు చూడండి, ఆ మాట దగ్గర ఆయన నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. 1770లో కుక్ ఓడ పాడై క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఎండెవర్ నది దగ్గర ఆగినప్పుడు అక్కడి గూగు యిమిథిర్ భాషలోని గంగురు అనే మాటని రాసుకున్నారు. ఆ జంతువు పేరేంటని అడిగితే "నాకు తెలీదు" అన్నారని, అదే పేరైపోయిందని ఒక కథ తిరుగుతుంటుంది, అది అబద్ధం, 1970లలో హావిలాండ్ అనే పరిశోధకుడు ఆ భాష వాళ్ళ మధ్యే పనిచేసి గంగురు అనేది ఒక రకం కంగారూ పేరని తేల్చాడు. కాబట్టి అల్లుడుగారి ఊహ అసందర్భం కాదు, ఈ ఒక్క మాట దగ్గర తప్పిందంతే.

బాండికూట్ అక్కడ క్రియ కూడా అయింది, ఇది తాతగారికి బాగా నచ్చుతుంది. బంగాళదుంప మొక్క పైకి అలాగే నిలబడి ఉండగా కింద మట్టిలోంచి దుంపలు మాత్రం గుట్టుగా లాక్కుపోవడాన్ని ఆస్ట్రేలియా పాత వాడుకలో బాండికూటింగ్ అంటారు. చిలగడదుంప తోటలో పందికొక్కు చేసే పని తెలిసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పాలా? ఇక మీ మనవడికి క్రాష్ బాండికూట్ అనే వీడియో గేమ్ తెలిసే ఉంటుంది, 1996లో వచ్చింది, వాడి తోటి పిల్లలకి ఈ మాట అక్కణ్ణుంచే తెలిసుంటుంది, అక్కడ మొదలుపెట్టి తెనాలి గాదె దాకా తీసుకురమ్మనండి. మన దేశంలో కూడా 2018లో కేరళ కుర్రాళ్ళు మ్యాన్‌హోల్‌లోకి మనుషులు దిగే ఖర్మ తప్పించడానికి తయారు చేసిన రోబోకి బాండికూట్ అనే పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు మీవారితో ఒక మాట, మీరే మెల్లిగా చెప్పండి. ఈ గెలుపు చూసుకుని మిగతావి కూడా కలిపేయొద్దని. టేకు ఉంది చూడండి, ఇంగ్లీష్ టీక్‌కి మన టేకు అచ్చం సరిపోతుంది, ఇంకేం, తెలుగే అనేస్తాం. కానీ ఆ మాట పోర్చుగీసు వాళ్ళ ద్వారా వెళ్ళింది, వాళ్ళు తీసుకున్నది మలబారు తీరంలో, మలయాళం తేక్క నుంచి. మన టేకు దానికి అక్కచెల్లెలు వరస, తల్లి కాదు. ముంగిసకీ ఇంగ్లీష్ మంగూస్‌కీ కూడా చుట్టరికం ఉంది, కాకపోతే నిఘంటువులు దాన్ని మరాఠీ మీదుగా వచ్చినట్టు చూపించి వెనకాల తెలుగు, కన్నడ మాటల్ని మూలం కావచ్చు అని మాత్రమే అంటాయి. గోడౌన్ కూడా అంతే, మలయ్ భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది, దాని వెనక మన గిడ్డంగి గానీ తమిళ కిడంగు గానీ ఉండాలంటారు. "కావచ్చు" అన్నచోట కావచ్చు అనే చెప్తే, పందికొక్కు దగ్గర ఆయన గట్టిగా చెప్పినప్పుడు ఎవరూ కొట్టిపారెయ్యరు.

బాబు స్వయంగా వెతికి చూసుకోవాలంటే చికాగో యూనివర్సిటీ వాళ్ళు హాబ్సన్-జాబ్సన్‌నీ, సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువునీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, ఆంధ్రభారతి సైట్లో మన తెలుగు నిఘంటువులన్నీ ఒకేచోట వెతకొచ్చు. వాణ్ణీ అల్లుడుగారినీ తాతగారినీ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి మొదట ఇంగ్లీష్ వైపు నుంచి బాండికూట్, తర్వాత తెలుగు వైపు నుంచి కొక్కు వెతకమనండి, పక్కనే మీరు కూడా కూర్చోండి, పల్లెటూరి సంగతులు మీకే ఎక్కువ గుర్తుంటాయి.

ఇక క్లాసులో. పెద్ద ఉపన్యాసం ఒద్దు, పిల్లలు వినరు. తాతగారి గొంతుతో పందికొక్కు అని రెండు మూడుసార్లు ఫోన్‌లో రికార్డు చేసుకుని వెళ్ళమనండి. ఇది ఏ భాషో, ఏ జంతువో చెప్పకుండా వినిపించి, మీకు ఏం వినపడిందో ఇంగ్లీష్ అక్షరాల్లో కాయితం మీద రాయండి అని తోటి పిల్లల్ని అడగమనండి. ఎంతమంది మొదటి అక్షరం పి రాస్తారో, ఎంతమంది బి రాస్తారో బోర్డు మీద లెక్కేసి, ఆ తర్వాత 1789 పుస్తకం సంగతి బయటపెట్టమనండి. రికార్డు చేసే పని మాత్రం ఇవాళ రాత్రి భోజనాల దగ్గర అల్లుడుగారే తన ఫోన్‌తో చెయ్యాలి, "మామయ్యగారూ, ఇంకోసారి అనండి" అని ఆయనే అడగాలి. పిల్లలు ఏం రాశారో ఆ లెక్క నాకు తప్పకుండా పంపండమ్మా, ఎదురుచూస్తుంటాను.